దేవుని వైపు బాకా

మా అమ్మ మైకు పెట్టె మీటలకు పసుపు రాసింది. రాస్తే రాసింది, ఒక్కొక్కదానికీ కుంకుమ బొట్టు పెట్టింది. పెడితే పెట్టింది, ఒకటి పైకీ ఒకటి కిందికీ వంకరటింకరగా ఉంటే దేవుని ముందు బాగుండదని అన్నిటినీ ఒక్క వరుసకు తెచ్చి, బంతి భోజనానికి కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టింది. నేను బ్యాటరీ తీగ బిగించి వచ్చేసరికి ఇదీ సంగతి. "ఎట్లున్నది బిడ్డా? ఇప్పుడు సూడముచ్చటగున్నది గదా!" అంటోంది, చేతికంటిన పసుపు కొంగుకు తుడుచుకుంటూ. పేరుకు బక్కమ్మే కాని మా అమ్మ ప్రేమ ఏనుగంత, అడుగు పెట్టిన చోటల్లా గుంట పడాల్సిందే. అటు చూస్తే బాపు అప్పటికే గజ్జెలు కట్టుకుని, ఒగ్గు డమరుకం చేతపట్టి, మైకు ముందు నిలబడి కళ్లు మూసుకున్నాడు. డోలు మీద దెబ్బ పడింది. ఇక ఆపడానికి లేదు. దేవుని కథ ఎత్తుకున్నాక జర ఆగమనే నోరు కేతేపల్లి చుట్టుపక్కల గొర్రెలు కాసే ఏ కురుమ ఇంట్లోనూ పుట్టలేదు.

దేవుని పేరు బాపు పెదవి దాటిందో లేదో, బాకాలో సన్నగా ఈల లేచింది. సౌండు మర గబుక్కున వెనక్కి తిప్పాను. ఈల చచ్చింది, దాంతోపాటు బాపు గొంతూ చచ్చింది. ముందు వరుసలో పడుచులు కిసుక్కుమన్నారు. నవ్వండే నవ్వండి, మీ నవ్వు మీ మూతులకే అంటుకోనీ. ఏడు ఇత్తడి మీటలు పసుపు పూసుకుని నా ముఖం చూస్తున్నాయి. పొద్దున ఖాళీ మైదానంలో నేనూ నా మొగుడు జంగయ్యా వీటితో ఎంత కుస్తీ పట్టాం! సౌండు కొంచెం కొంచెంగా పెంచడం, బాకా కూయగానే ఆ కూత ఏ మీటదో కనిపెట్టి దాన్ని రవ్వంత కిందికి దించడం, మళ్లీ పెంచడం, మళ్లీ ఇంకో కూతను పట్టుకోవడం. పనంతా అయ్యాక చూస్తే మీటల వరుస మా ఊరి గుట్టల్లా ఎత్తుపల్లాలుగా తయారైంది. ఆ ఎత్తుపల్లాల్లోనే ఉంది మా కష్టమంతా. దాన్ని చదును చేసి బొట్టు పెట్టింది నా తల్లి. జంగయ్యను కేకేద్దామంటే అతను అల్లంత దూరాన, జనం నడుమ, బాకాలు కట్టిన గుంజను రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు, గాలికి అది ఊగితే కూత ఇంకా ముదురుతుంది. వచ్చినా అతని చెవులతో లాభం లేదు. బాకాల పక్కన బతికి బతికి సన్న చప్పుళ్లు అతనికి వినబడటం మానేశాయి. "నాయి రేడియో చెవులే, ఖరాబైనయి. నీయి మంద చెవులు. నువ్వే కూసో" అని పొద్దున పెట్టె నాకు అప్పజెప్పాడు. అప్పుడు గర్వంగానే ఉండింది.

ఇదంతా ఐలేశం పెద్దయ్య పుణ్యం. మా కులపెద్ద. మామూలు బుద్ధి ఉన్నవాడెవడైనా బాకాను మైకు ముఖాన కట్టడు, దూరంగా, అవతలికి తిప్పి కడతాడు. మా దగ్గర అట్లా కుదరదు. ఒగ్గు కథ చెప్పేవాడు గుళ్లోని మా కులదేవుడు బీరప్పకు ఎదురుగా నిలబడి చెప్పాలి, జనం వెనకా పక్కలా కూర్చుని వినాలి. తాతలనాటి పద్ధతి. తాతలనాడు మైకు లేదు కనుక ఎవరికీ ఏ బాధా లేదు. ఇప్పుడు జనానికి ఒక బాకా కడితే, "మరి దేవునికేది?" అన్నాడు పెద్దయ్య. "మనుషులకు బాకా, దేవునికి ఉత్త గొంతా? గిదేం మర్యాదరా?" అన్నాడు. దేవునికి అన్నీ ఇనొస్తయి పెద్దయ్యా అని జంగయ్య నచ్చజెప్పబోతే, "ఇనొస్తే గంట ఎందుకు కొడ్తున్నం? డోలెందుకు? గమ్మున మనసుల అనుకోని ఇంటికి పోదాం పా" అని నోరు మూయించాడు. అట్లా ఒకే గుంజకు రెండు బాకాలు, ఒకటి వెనక వరుసల వైపు, ఒకటి దేవుని వైపు. దేవుని వైపు అంటే మైకు వైపనే. మైకు ముఖమూ బాకా ముఖమూ ఎదురెదురు. మైకు విన్నది బాకా అంటుంది, బాకా అన్నది మైకు వింటుంది, విన్నదాన్ని బాకా మళ్లీ అంటుంది. తోడికోడళ్ల తగువు. ఒకామె ఒకటంటే ఇంకొకామె రెండంటుంది, చివరికి ఇంటికప్పు లేచిపోయే కూత ఒక్కటే మిగులుతుంది, అసలు మాటేమిటో ఎవరికీ గుర్తుండదు.

పోయిన ఏడాది అదే జరిగింది. నేనూ జంగయ్యా కొల్లాపూర్ వైపు ఒక జాతరకు మైకు సెట్టు తీసుకుని పోయి ఉంటిమి. ఇక్కడ ఎవరో వేరేవాళ్ల సెట్టు పెట్టారు. బాపు నోరు తెరిచినప్పుడల్లా కూత. పిల్లలు కూతకు కూత కలిపారట, పెద్దలు పొట్ట పట్టుకుని నవ్వారట. బాపు ఎవరనుకున్నారు, ఒగ్గు పర్వతాలు! ఆ పేరు చెబితే తుంగతుర్తి దాకా మందలు నిలబడి వినేవి అంటారు. ఆయనకు రోషం వచ్చి మైకును పక్కకు నెట్టి, అంత మైదానానికీ ఉత్త గొంతుతో ఎత్తుకున్నాడు. ఎత్తుకుని, ఎత్తుకుని, దేవుని లగ్గం దగ్గరికి వచ్చేసరికి గొంతు పగిలి నోట్లో నెత్తురు పడింది. లగ్గం కాకుండానే కథ తెగింది. కథ తెగడమంటే మాలో చిన్న మాట కాదు. ఆ వానాకాలం మందలకు రోగం తగిలింది, గొర్రెలు నిలబడినవి నిలబడినట్టే కూలాయి, ఊరంతా బాపు ముఖమే చూసింది. నాలుగు నెలలు ఆయన మాట్లాడలేదు. మాట్లాడాక వచ్చిన గొంతు పాత గొంతు కాదు, ఒరుసుకుపోయిన తాడులాంటి గొంతు. ఆ గొంతుతో పిలిస్తే సొంత మందే ఆయన వెంట పోలేదు. ఎవరో అనుకున్నాయి పాపం. అప్పుడు నేను పుట్టింటికి వచ్చి రోజూ పొద్దుగూకేవేళ ఆయన పక్కన నిలబడి, ఆయన పాత పిలుపు నేను పిలిచేదాన్ని, అవి నా వెంట వచ్చేవి, ఆయన వాటి వెంట వచ్చేవాడు. పండుగ దగ్గర పడ్డాక కులం కూర్చుంది. "పర్వతాలూ, గీ యేడు ఆఖరు. కథ కొసాకరి మనిషి దాకా చేరకపోతే ఒగ్గు దేవుని ముంగట దించు, ఇంకో ఇంటోళ్లు ఎత్తుకుంటరు" అని ఐలేశం పెద్దయ్య తీర్పు చెప్పాడు. ఆయన దుర్మార్గుడు కాదు. చెప్పేటప్పుడు కళ్లు తుడుచుకున్నాడు కూడా. కళ్లు తుడుచుకుని చెప్పినా తీర్పు తీర్పే. ఒగ్గు దించాక బాపు బతకడు. తింటాడు, పడుకుంటాడు, బతకడు. అది నాకు తెలుసు, అమ్మకు తెలుసు, అందుకే పిచ్చితల్లి పెట్టెకు పసుపు రాసింది.

"ఏందే, గట్ల సూస్తవు? ఏమన్న తప్పు జేసిన్నా?" అమ్మ గుసగుసగా అడుగుతోంది. తప్పా! నీ ముద్దూ మురిపెం మండిపోను! "ఊకో అమ్మా, మాట్లాడకు, జర ఇననీయి" అన్నాను. ఏడ్చి లాభం లేదు, వినాలి. డోలు మోగుతోంది, మంచిది, డోలు చాటున సౌండు కొంచెం కొంచెంగా పెంచవచ్చు. పెంచాను. వస్తోంది, ఈల, సన్నగా, చెవి వెనకనుంచి పాకుతున్నట్టు. మీటలకు జంగయ్య అంకెలు వేశాడు, అంకెలు నాకు ఒంటబట్టలేదు, నేను పేర్లు పెట్టుకున్నాను. అడుగున బరువు చప్పుడుది దున్న, దాని పక్కన డోలు, ఆ పక్కన పొట్టేలు, నడిమిది బాపు, తర్వాత గొర్రె, మేక, ఆఖరున ఈల. ఈల మీటను కిందికి లాగాను, పసుపు వేలికి అంటుకుంది. ఈల తెగిపోయింది, బాపు గొంతుకు ఏమీ కాలేదు, ఆయన గొంతులో అంత సన్నపు చప్పుడు ఎక్కడిది! ఒకటి దొరికింది. సాయంత్రం మంద ఇంటికి మళ్లేటప్పుడు అన్ని గొర్రెలూ ఒక్కసారే అరుస్తుంటే, ఏ పిల్ల తల్లి తప్పిందో గొంతును బట్టి చెప్పమనేవాడు బాపు. చెప్పకపోతే నెత్తిన మొట్టేవాడు. మొట్టికాయలు ఊరికే పోలేదు బాపూ. మందలో ఒక్కటి కూస్తే మంద మొత్తాన్ని కొట్టక్కర్లేదు, కూసేదాన్ని ఒక్కదాన్ని పట్టుకుంటే చాలు. మామూలు సెట్టు వాళ్లు మంద మొత్తాన్ని కొడతారు, సౌండంతా దించేస్తారు. నేను అట్లా కాదు. ఇంకొంచెం పెంచాను. ఇప్పుడు అడుగునుంచి హూఁ అని గుమ్ముతోంది, డోలు కొట్టినప్పుడల్లా దాని తోక పట్టుకుని లేస్తోంది. దున్న! కనిపెట్టాను నిన్ను. కిందికి పో. పోయింది. డోలు చప్పుడు బురదలోంచి లేచి ఒళ్లు కడుక్కున్నట్టు తేటపడింది. డోలు కొడుతున్న అంజన్న చప్పున తల తిప్పి నా వైపు చూశాడు. కొట్టరా తమ్ముడూ కొట్టు, ఇప్పుడు కొట్టు.

ఈ పెట్టె పుట్టినప్పుడు ఎవరు నవ్వలేదని! జంగయ్య పట్నంలో ఒక సినిమా హాలు మిషను బాగుచేయడానికి పోయి, అక్కడ వరసగా మీటలున్న పెట్టెను చూసి వచ్చాడు. చూసి వచ్చిన రోజునుంచి తిండి లేదు, నిద్ర లేదు. నల్లగొండలో మా కొట్టు నిండా తీగలే. తీగను చుట్టలు చుట్టాలి, ఒక్కో చుట్ట ఒక్కో చప్పుడును పట్టుకుంటుందట, చుట్టు చుట్టుకూ ఎడం సమంగా ఉండాలట. అతను చుడితే ఎలుకలు పెట్టిన గూడులా వచ్చేది. "ఇటియ్యి" అని లాక్కున్నాను. పుట్టిన దగ్గరినుంచి కదురు తిప్పి గొర్రె బొచ్చు వడికిన చేతులివి, గొంగడి నూలు తెగకుండా తీసిన వేళ్లివి, ఇత్తడో రాగో తీగ నా మాట వినకుండా పోతుందా? చుట్టిపెట్టాను. అతను నోరు తెరిచి చూశాడు. "నువ్వు మనిషివా, మిషనువా?" అన్నాడు. అంతకన్న ముద్దుమాట అతనికి రాదు, నాకు అంతకన్న అక్కర్లేదు. బాపు ఒకసారి కొట్టుకు వచ్చి ఈ పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, ఆ ఒరుసుకుపోయిన గొంతుతో, "గీ ఇత్తడి పుల్లలు నా కథ నిలవెడ్తయా బిడ్డా?" అని అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. అంతటి మనిషి ఆశగా అడుగుతుంటే నా గుండె నీరైంది. నిలబెడతాయి బాపూ అన్నాను. అన్న నోరు ఇదే. ఇప్పుడు ఆ మాట నిలబెట్టుకోవాలి.

మేక దిగింది, పొట్టేలు సగం దిగింది, కథ ముందుకు సాగుతోంది. దేవుడు పసిబిడ్డగా అడవిలో ఉన్నాడు, తల్లి వదలలేక వదిలి వెళుతోంది. ఈ చోట బాపు గొంతు పైకి లేస్తుంది. లేచింది. లేవగానే వచ్చింది అసలు కూత, లావుగా, నిండుగా, బాపు గొంతులోనుంచే పుట్టినట్టు. ఏ మీటదో వెతకనక్కర్లేదు. నడిమిది. బాపు మీట. బాకాకూ గుడి బండకూ నడుమ ఏ చప్పుడు ఎక్కువగా గింగురుమంటుందో, బాపు గొంతు సరిగ్గా ఆ చప్పుడు మీదే నిలబడి ఉంది. మీటను కిందికి లాగాను. కూత ఆగింది. కాని బాపు గొంతు గొంగడి ముసుగేసుకుని మాట్లాడుతున్నట్టయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది! వెనక వరుసల్లో కదలిక. ఒకరిద్దరు లేచి నిలబడ్డారు, చెవి వెనక చెయ్యి పెట్టుకుంటున్నారు. ఆ చివర, దిబ్బ మీద నులక మంచంలో గోపమ్మ కూర్చుని ఉంది, మా కులంలో అందరికన్న పెద్దది, కథ ముగిశాక పెద్దయ్య అడిగేది ఆమెనే, కొసాకరి మనిషి ఆమె, ఆమె చేరిందంటే చేరినట్టు, లేదంటే లేదు. ఆమె పక్కన ఎవరో వంగి ఏదో చెబుతున్నారు. ఏం చెబుతున్నారు, ఇనొస్తలేదనా? మీటను పైకి తోశాను. కూత. కిందికి. గొంగడి. పైకి. కూత. కాలికేస్తే మెడకు, మెడకేస్తే కాలికి. బాపు మెడ నరాలు తేలాయి, గుంజుకుంటున్నాయి, కూత మీద గెలవాలని మళ్లీ అరవబోతున్నాడు, పోయినేడు లాగే, అయ్యో అరవకు, బాపూ, అరవకు, ఆ గొంతులో ఇంకొక్క పగులు పడితే అతుకు పడదు!

అప్పుడు చూశాను. ఎన్నేళ్లనుంచి చూస్తున్నానో, అయినా అప్పుడే చూశాను. బాపు మైకుకు బారెడు దూరంలో ఉన్నాడు. ఉత్త గొంతుతో మైదానాలు ఏలిన మనిషి, తల వెనక్కి వేసి, ఛాతీ విరుచుకుని, గుట్ట అవతలి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడుతున్నాడు. మైకు ఎదురుగా పెట్టుకుని గుట్ట అవతలికి చూస్తున్నాడు. దగ్గరికి రావాలి. మైకు మీద పెదవి పెట్టినంత దగ్గరికి వచ్చి, మెల్లగా, చెవిలో చెప్పినట్టు చెబితే, నేను సౌండంతా దించుకోవచ్చు, సౌండు దిగితే కూతకు బలం ఉండదు, కూతకు బలం లేకపోతే బాపు మీటను పైకి ఎత్తవచ్చు, గొంగడి తీసేయవచ్చు. ఇంత తేలిక! కాని చెప్పడమెట్లా? కథ చెప్పేవాడి దగ్గరికి నడుమ ఎవరూ పోకూడదు, ఆడది అసలే పోకూడదు, పిలవకూడదు, మాట కలపకూడదు. ఆయన కళ్లు దేవుని మీద ఉన్నాయి, నా సైగ చూడడు. కథలో దేవుడు పెరిగాడు, కర్ర పట్టాడు, మందను తోలుకుని అడవికి పోతున్నాడు. మందను! నాకు ఒళ్లు జల్లుమంది. ఆలోచించానో లేదో తెలియదు, నాలుక అంగిట్లో ఆడిస్తూ పిలుపు ఎత్తుకున్నాను. పొద్దుగూకేవేళల్లో ఆయన పక్కన నిలబడి పిలిచిన పిలుపు. చెదిరిపోయిన మందను దగ్గరికి రమ్మనే పిలుపు. దూరం పోయినవి మళ్లి వచ్చేదాకా ఆపకుండా, చిన్నచిన్నగా, బుజ్జగింపుగా పిలిచేది. ఐలేశం పెద్దయ్య తల గిరుక్కున తిరిగింది. మా అమ్మ నా చెయ్యి గిల్లింది. మైదానం అవతల కట్టేసిన పొట్టేళ్లు నిజంగానే బదులు అరిచాయి. జనం గొల్లుమన్నారు, సంతోషంతో, కథలో మంద వచ్చిందని! మంద కథలో సరిగ్గా ఇక్కడే రావాలన్నట్టు తాళం దశరథం జోరుగా తాళం వేశాడు. పెద్దయ్య నోరు తెరిచి మళ్లీ మూశాడు. నేను ఆపలేదు. దగ్గరికి రా, ఇటు రా, ఇంకా ఇంకా దగ్గరికి.

బాపు ఆగాడు. తల తిప్పలేదు. మందను కాచిన మనిషి ఆ పిలుపును ఎట్లా పోల్చుకోడు? ఒక్క అడుగు వేశాడు. ఇంకో అడుగు. గజ్జెలు మెల్లగా మోగాయి. మైకు ఆయన గడ్డానికి తగిలేంత దగ్గరికి వచ్చి ఆగాడు. నేను సౌండు దించాను, బాపు మీటను పైకి, పైకి, మా అమ్మ వరుస తీర్చిన చోటి దాకా పైకి. ఆయన ఊపిరి తీశాడు. ఆ ఊపిరి, ఆ ఒరుసుకుపోయిన ఊపిరి, రెండు బాకాల్లోంచీ బయటికి వచ్చింది, కూత లేదు, ఈల లేదు, గుమ్ము లేదు, ఉత్త ఊపిరి. దాని వెంట మాట వచ్చింది. "అవ్వా, నన్నిడిసిపెట్టి ఎట్ల పోయినవే?" అని అడవిలో ఒంటరిగా దేవుడు తల్లిని అడిగే మాట. చిన్నప్పటినుంచి ఆ మాట విన్నాను, ఎప్పుడూ అరుపుగానే విన్నాను, అంత మంది వినాలంటే తల్లిలేని బిడ్డ అయినా గుట్టలు అదిరేలా అరవాల్సిందే కదా. ఇవాళ మొదటిసారి ఆ బిడ్డ అరవలేదు. మెల్లగా అడిగాడు. పగిలిన గొంతుతో, ఏడ్చి ఏడ్చి అలసిన గొంతుతో అడిగాడు, ఆ పగులే ఆ మాటకు సరిగ్గా సరిపోయింది, పాత గొంతుకు ఈ మాట ఎన్నడూ ఇంత అందలేదు. కిసుక్కుమన్న పడుచుల ముక్కులు ఎర్రబడ్డాయి. లేచి నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరే కూర్చుంటున్నారు. మా అమ్మ గిల్లిన చోటునే నిమురుతోంది. నాకు గట్టిగా కేక పెట్టాలనిపించింది, గుట్టెక్కి దుంకాలనిపించింది, జంగయ్య ఎక్కడ, చూస్తున్నావా జంగయ్యా, మన తీగ చుట్టలు, మన ఎలుక గూళ్లు, చూడు ఏం చేస్తున్నాయో! అతను గుంజను కౌగిలించుకుని నా వైపే చూస్తున్నాడు, పళ్లన్నీ బయటపెట్టి. సన్న చప్పుళ్లు వినబడని మనిషి ఇదెట్లా విన్నాడో, జనం ముఖాల్లో విన్నాడేమో.

అక్కడినుంచి కథ పరుగు తీసింది. బాపు ఆడుకున్నాడు, అదే మాట, ఆడుకున్నాడు. రాక్షసుడు వచ్చినప్పుడు వెనక్కి జరిగి గర్జించాడు, నేను వేలు వేసి ఆ గర్జనకు దారి ఇచ్చాను. పెళ్లిపిల్ల సిగ్గుపడినప్పుడు మైకు మీదికి వాలి నవ్వాడు, ఆ నవ్వు వెనక వరుస ముసలమ్మల చెవుల్లో గిలిగింత పెట్టింది, వాళ్లు ఒకరినొకరు పొడుచుకున్నారు. ఆయన ముందుకు వస్తే నేను దించుతున్నాను, వెనక్కి పోతే ఎత్తుతున్నాను. ఆయన ఎప్పుడు ఊపిరి తీస్తాడో, ఎక్కడ గొంతు జారుస్తాడో, ఏ మాట మీద డోలును కసురుతాడో నాకు తెలుసు. ఆడపిల్ల ఒగ్గు పట్టొద్దన్నారు కాని వినొద్దని ఎవరూ అనలేదు, కథ కథంతా నా చెవుల్లోనే ఉంది, ఆయన నోటికన్న రవ్వంత ముందు నా వేళ్లకు తెలుస్తోంది. ఒకచోట బాకా మళ్లీ గొణిగింది, గొర్రె మీటను తట్టాను, గమ్మునుంది. నువ్వు కూయగలవని నాకు తెలుసు, నీ సంగతి నేను చూసుకుంటానని నీకు తెలుసు, కూర్చో. లగ్గం వచ్చింది. పోయినేడు తెగిన చోటు. జనమంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టడం నాకు వినబడింది, ఒట్టు, వినబడింది. బాపు ఆ చోటు మీద ఆగలేదు, జారలేదు, నిదానంగా, మీగడ మీద వేలు నడిపినట్టు దాటాడు. తలంబ్రాలు పోశాడు. దేవునికి లగ్గమైంది. డోలు విరగబడి మోగింది. మా అమ్మ నా భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. ఏడవనిచ్చాను. నా ఏడుపు కూడా ఆమెనే ఏడవమన్నాను, నాకు ఇంకా పని ఉంది.

ఐలేశం పెద్దయ్య లేచాడు. కర్ర పట్టుకుని జనం నడుమనుంచి దిబ్బ దాకా నడిచాడు. "గోపవ్వా, కథ చేరిందా?" అని అడిగాడు. ఆ ముసలిది ప్రాణాలు తోడేస్తుంది. చెంగుతో ముక్కు తుడుచుకుంది. "చేరుడేందిరా ఐలేశం" అంది చివరికి, గట్టిగానే అంది, "పర్వతాలు నా మంచంల కూసోని, నా చెవుల చెప్పిండు. నా ఎనభై ఏండ్లల దేవుడు అవ్వ కోసం ఏడ్సింది నేనిప్పుడే ఇన్న." మైదానం ఒక్కసారి భగ్గుమంది. ఈలలు, చప్పట్లు, గొంగళ్లు గాల్లోకి. పెద్దయ్య తిరిగి వచ్చేటప్పుడు పరుగులాంటి నడకతో వచ్చాడు. బాపు దించబోయిన ఒగ్గును ఆయన చేతిలోనే ఉంచి, పైనుంచి తన రెండు చేతులూ వేసి గట్టిగా మూశాడు. "నీదేరా" అన్నాడు. "నువ్వున్నంత కాలం నీదే."

ఇక మంగళం. కథ ముగిశాక మేళంలో ఎవరెవరు ఏం చేశారో పేరుపేరునా దేవునికి చెప్పుకుని సెలవు తీసుకోవాలి, పేరు పేరుకూ జనం ఆఁ అనాలి, అన్నాకే ఆ మనిషి సేవ దేవునికి ముట్టినట్టు. బాపు మైకు దగ్గరికి వాలాడు. ఇప్పుడు ఎవరూ పిలవనక్కర్లేదు. "డోలు మీద అంజన్న, స్వామీ." ఆఁ, అంది జనం. "తాళం మీద దశరథం, స్వామీ." ఆఁ. "కథ మీద పర్వతాలు, స్వామీ." ఆఁ! ఆ ఆఁకు గుట్ట కదిలింది. అయిపోయింది, తాతలనాటినుంచీ అక్కడితో అయిపోతుంది. నేను సౌండు మర మీద చెయ్యి వేశాను, బంద్ చేద్దామని. బాపు కదలలేదు. మైకును చేత్తో పట్టుకున్నాడు. మళ్లీ ఊపిరి తీయడం వినబడింది. "మీటల మీద," అన్నాడు, "నా బిడ్డ భద్రమ్మ, స్వామీ." ఎవరూ పలకలేదు. ఆడపిల్ల పేరు ఆ వరుసలో ఎన్నడూ ఎవరూ వినలేదు, వింటే ఏమనాలో ఎవరికీ తెలియదు. ఐలేశం పెద్దయ్య కర్ర మీద గడ్డం ఆనించి నేల చూస్తున్నాడు. అమ్మ నా చెయ్యి వదిలేసింది. అప్పుడు దిబ్బ మీదినుంచి, మైకు లేదు, బాకా లేదు, ఎండిన గొంతుతో గోపమ్మ, ఆఁ, అంది. ఆ వెంటనే జంగయ్య గుంజ దగ్గర, ఆఁ! పెద్దయ్య తల ఎత్తాడు, ఆఁ అన్నాడు. ఇక మైదానం మైదానమే లేచింది, ముందు వరుస పడుచులు, వెనక వరుస ముసలమ్మలు, డోలు, తాళం, పొట్టేళ్లు, అందరూ, ఆఁ! అంత పెద్ద ఆఁ మైకులో పడితే ఏ మీటా ఆపలేదు, బాకాలో అడుగునుంచి కూత లేస్తోంది, నాకు వినబడుతోంది, వేళ్లు అలవాటుగా మీటల మీదికి పోయాయి. కూస్తే కూయనీ అనుకుని, రెండు చేతులూ తీసి దండం పెట్టాను.